నా బొమ్మలన్నీ ఒక పక్కకే ఎందుకు వంగుతాయి?

ఈ ఎపిసోడ్‌కి నన్ను పిలిచినప్పుడు "మీ జీవితం మీ బొమ్మల్లోకి ఎలా వచ్చిందో చెప్పండి" అన్నారు. చాలా పెద్ద ప్రశ్న అది. నా బొమ్మలు చూసినవాళ్ళు అడిగేది మాత్రం చిన్న ప్రశ్నే. "మీరు గీసే మనుషులందరూ ఒక పక్కకి వంగి ఉంటారేంటండీ, నడుం నొప్పా?" అంటారు. ఇంకొందరు, "మొహాలు ఎందుకు కనపడవు, ఎప్పుడూ వీపులేనా?" అంటారు. రెండిటికీ జవాబు ఒకటే. కాకపోతే కొంచెం టైం పడుతుంది. ఫోన్ పక్కన పెట్టి వినండి అనడానికి లేదు, మీరు చూస్తున్నదే ఫోన్‌లో కదా.

మాది దివిసీమ. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. కృష్ణానది పులిగడ్డ దగ్గరకి వచ్చేసరికి రెండు పాయలవుతుంది. ఆ రెండు పాయలకీ, సముద్రానికీ మధ్యలో ఉన్న నేల దివిసీమ. అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక, చివర్న హంసలదీవి. మూడు పక్కలా నీళ్ళే. నేను పుట్టింది 1980లో, నాగాయలంక దగ్గర ఒక పల్లెలో. ఆ సంవత్సరం గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఉప్పెన వచ్చింది 1977లో. నవంబర్ 19, శనివారం. సముద్రం ఒక తాటిచెట్టు సగం ఎత్తున ఊళ్ళ మీదకి వచ్చేసింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది పోయారు. మా వైపు ఎవర్నడిగినా అంతకంటే చాలా ఎక్కువే చెప్తారు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళ పేర్లు మా పెద్దవాళ్ళు ఇప్పటికీ గొంతు తగ్గించి పలుకుతారు.

నాకంటే ముందు మా ఇంట్లో ఇద్దరు ఉండేవారు. ఒక అక్క, ఏడేళ్ళది. ఒక అన్నయ్య, ఏడాదిన్నర పిల్లాడు. నేను వాళ్ళని చూడలేదు. మా నాన్న ఆ రోజు గుడివాడ దగ్గర ఒక రైస్ మిల్లులో పనికి వెళ్ళి ఉన్నాడు. మా అమ్మ ఒక్కతే మిగిలింది. మోచేతుల నుంచి మణికట్టు దాకా చిన్న చిన్న మచ్చలు ఉంటాయి ఆవిడకి, తుమ్మ ముళ్ళ మచ్చలు. ఆ రాత్రి గురించి అమ్మ చెప్పదు, నేనూ అడగలేదు. ఎప్పుడైనా దానంతట అదే మాట వస్తే, "తెల్లారి చూస్తే ఊరు ఏ దిక్కునుండేదో తెలీలేదురా" అంటుంది. అంతే. చెట్టు లేదు, ఇల్లు లేదు, గుర్తు పట్టడానికి ఏమీ లేదు.

ఇంకో విషయం. వాళ్ళిద్దరిదీ ఒక్క ఫొటో లేదు. ఉన్నది పోవడం కాదు, అసలు తీయించనే లేదు. ఫొటో కావాలంటే అవనిగడ్డో, బందరో వెళ్ళాలి, స్టూడియోలో డబ్బులు కట్టాలి. కూలికి వెళ్ళేవాళ్ళకి అది జరిగే పని కాదు. మీ ఫోన్ గ్యాలరీలో మీ చెల్లెలిదో, తమ్ముడిదో ఎన్ని ఫొటోలు ఉంటాయి? వందల్లో ఉంటాయి కదా. మా అక్కకి సున్నా.

నాకు చిన్నప్పటి నుంచి బొమ్మల పిచ్చి. గోడ మీద బొగ్గుతో గీసేవాణ్ణి. పదమూడేళ్ళప్పుడు అనుకుంటా, మా అమ్మ అడిగింది, "ఒరే, అందర్నీ గీస్తావు కదా, అక్కని గీస్తావా?" అని. ఎలా ఉండేదే అంటే, "నుదురు నాది, ముక్కు మీ పిన్నిది, కళ్ళు మీ నాన్నవి" అంది. గీశాను. ముగ్గుర్నీ ఎదురుగా కూర్చోబెట్టి చూసి చూసి గీశాను. మా అమ్మ ఆ కాగితం పట్టుకుని చాలాసేపు చూసి, "బాగుందిరా. ఎవరో పిల్ల" అంది. కోపంగా కాదు. పక్కింటి పిల్ల ఫొటో చూసినట్టు చూసి మడిచి ఇచ్చేసింది.

మనిషి ముఖాన్ని ముక్కలు ముక్కలుగా పోగేసి కడితే మనిషి రాదని నాకు మొదట తెలిసింది అప్పుడు. ఎందుకు రాదో తెలియడానికి మాత్రం ఇంకో పదహారేళ్ళు పట్టింది.

పదో తరగతి అయ్యాక గుడివాడలో మా మేనమామ ఇంటికి వచ్చేశాను. అక్కడ ఒక బోర్డులు రాసే ఆయన దగ్గర పనికి చేరాను. ఈ రోజుల్లో పిల్లలకి అది ఎలాంటి పనో తెలియకపోవచ్చు. షాపు బోర్డులు, ట్రాక్టరు ట్రక్కుల మీద పేర్లు, ఎన్నికలప్పుడు గోడలు, సినిమా రిలీజ్ అయితే బ్యానర్లు, కటౌట్లు. ఒక చిన్న ఫొటో ఇస్తారు. దాని మీద పెన్సిల్‌తో గళ్ళు కొట్టాలి. పెద్ద గుడ్డ మీద సుద్ద దారంతో అవే గళ్ళు పెద్దవిగా కొట్టాలి. ఒక గడిలో ఏముందో చూసి ఆ గడిలో అదే వెయ్యాలి. మొహం చూడకూడదు, గడి చూడాలి. అలా ఇరవై అడుగుల హీరో తయారవుతాడు. నేను మొదటి ఏడాది గళ్ళు కొట్టడం, ఎనామిల్ డబ్బాలు కలపడం, టర్పెంటైన్‌లో బ్రష్షులు కడగడం తప్ప ఏమీ చెయ్యలేదు. ఆ వాసన నాకు ఇప్పటికీ ఇష్టం. చెప్తే నవ్వుతారు.

మా గురువుగారు ఒక మాట అనేవారు. "మొహం గళ్ళల్లో వస్తుందిరా, నిలబడ్డం రాదు." ఆ ఊరి చుట్టుపక్కల సంగతి మీకు తెలుసు కదా. ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు అటు, ఏఎన్ఆర్ పుట్టిన రామాపురం ఇటు. ఇద్దరూ మా గుడివాడ ప్రాంతం వాళ్ళే. అక్కడి జనానికి ఆ ఇద్దరూ ఎలా నిలబడతారో ఇంట్లో మనుషుల్లా తెలుసు. గురువుగారు ఒకసారి పందెం కట్టి, సున్నం గోడ మీద నల్లరంగుతో ఇద్దరి వీపులు మాత్రమే గీశారు. మొహం లేదు, పేరు లేదు. ఛాతీ విరుచుకుని కాళ్ళు ఎడంగా పెట్టిన వీపు ఒకటి, ఒక భుజం కాస్త జారి బరువంతా ఒక కాలి మీద వేసిన వీపు ఒకటి. సోడా బండి దగ్గర నిలబడ్డ ముసలాయన కూడా ఠక్కున చెప్పేశాడు ఎవరు ఎవరో. నాకు అదేదో గారడీలాగా అనిపించింది అప్పుడు.

2000 తర్వాత ఫ్లెక్సీలు వచ్చేశాయి. మా పని ఎంత త్వరగా పోయిందంటే, ఒక సంక్రాంతికి నలుగురు కుర్రాళ్ళం ఉండేవాళ్ళం, రెండు సంక్రాంతులు తిరిగేసరికి గురువుగారు ఒక్కరే మిగిలారు. ఆయన కూడా నంబర్ ప్లేట్లు రాసుకునేవారు. నేను అక్కడినుంచి బందరు పక్కన పెడన వెళ్ళిపోయాను. బందరు అంటే మచిలీపట్నమే, మేమంతా బందరనే అంటాం.

పెడనలో కలంకారీ అద్దకం షెడ్లు ఉంటాయి. శ్రీకాళహస్తి కలంకారీ వేరు, ఇది వేరు. శ్రీకాళహస్తిలో కలంతో దేవుళ్ళ కథలు చేత్తో గీస్తారు. బందరు కలంకారీలో టేకు చెక్క మీద చెక్కిన అచ్చులతో గుడ్డ మీద అద్దుతారు. గుడ్డని కరక్కాయ నీళ్ళలో ముంచడం, నలుపు కోసం ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో నానబెట్టడం, ఎరుపు కోసం పటిక. ఇదంతా ఒక ఎపిసోడ్‌కి సరిపోయే సబ్జెక్టు. మన కథకి కావలసిన ముక్క ఏంటంటే, బందరు అచ్చుల్లో మనుషులు చాలా తక్కువ. గోల్కొండ నవాబుల కాలం నుంచి, పర్షియాకి సరుకు వెళ్ళిన కాలం నుంచి, ఇక్కడ ఎక్కువగా పూలు, తీగలు, ఆకులు, చెట్లు. నేను అచ్చులు చెక్కేవాళ్ళకి డిజైన్లు గీసిచ్చేవాణ్ణి. ఏడెనిమిదేళ్ళు తీగలే గీశాను. తీగకి బరువు ఎక్కడుంటే అక్కడ వంపు వస్తుంది. పువ్వు పెద్దదైతే కాడ రెండో పక్కకి లాక్కుంటుంది. చెయ్యి ఆ లెక్కకి అలవాటు పడిపోయింది. రాత్రిళ్ళు మాత్రం బాల్ పెన్నుతో చిన్న పుస్తకంలో వీధిలో చూసిన మనుషుల్ని గీసుకునేవాణ్ణి.

బందరులో రిటైరైన ఒక డ్రాయింగు మాస్టారు పరిచయమయ్యారు. నేను కాలేజీకి వెళ్ళలేదు. నాకు తెలిసిన కళాచరిత్ర అంతా ఆయన ఇంటి అరుగు మీద విన్నదే. బందరులో 1910లో కోపల్లె హనుమంతరావు గారు, ముట్నూరి కృష్ణారావు గారు, పట్టాభి సీతారామయ్య గారు కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారని, బెంగాల్ నుంచి ప్రమోద్ కుమార్ చటర్జీ గారు వచ్చి అక్కడ బొమ్మలు నేర్పారని, అడివి బాపిరాజు గారు ఆయన దగ్గరే నేర్చుకుని తర్వాత అదే కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారని చెప్పేవారు. 'నారాయణరావు', 'గోన గన్నారెడ్డి' రాసిన బాపిరాజు గారే. చటర్జీ గారు ఇక్కడికి రాకముందు హిమాలయాల్లో తిరిగిన మనిషి. ఆయన గీసిన శివుళ్ళలో, సాధువుల్లో ఆ కొండల చలి కనపడుతుంది. అంటే ఆ బొమ్మలు కూడా ఆయన నడిచిన దారుల్లోంచే వచ్చాయి. కానీ నిజం చెప్పాలంటే ఆ స్కూల్ బొమ్మల దగ్గర నేను ఎక్కువసేపు నిలబడలేను. చాలా అందంగా ఉంటాయి. వేళ్ళు తీగల్లా సాగుతాయి. అయితే ఊడ్పుల్లో రోజంతా వంగిన మనిషి మోకాలు ఎలా ఉంటుందో ఆ బొమ్మల్లో నాకు దొరకలేదు. నాకు కావలసింది మోకాళ్ళు.

ఆ మాస్టారి దగ్గరే ఒక పాత పుస్తకంలో కేతే కోల్విట్స్ బొమ్మలు చూశాను. జర్మనీ ఆవిడ. మొదటి ప్రపంచయుద్ధం మొదలైన కొద్దినెలలకే, 1914 అక్టోబర్లో, ఆవిడ చిన్న కొడుకు పీటర్ బెల్జియంలో చనిపోయాడు. పద్దెనిమిదేళ్ళు. అతని కోసం ఒక స్మారకం చెయ్యాలనుకుంది. మొదట వేసుకున్న ప్లాన్‌లో కొడుకు శరీరం పడుకుని ఉంటుంది, తల్లిదండ్రులు పక్కన. చేస్తూ, ఆపేస్తూ, మళ్ళీ మొదలుపెడుతూ 1932 దాకా పట్టింది. పద్దెనిమిదేళ్ళు! చివరికి స్మశానంలో పెట్టినప్పుడు కొడుకు లేడు. మోకాళ్ళ మీద కూర్చున్న తల్లి, తండ్రి మాత్రమే మిగిలారు. తల్లి ముందుకి వంగిపోయి ఉంటుంది. తండ్రి నిటారుగా, రెండు చేతులూ ఛాతీకి గట్టిగా కట్టేసుకుని ఉంటాడు. ఆ చేతులు చూస్తే చాలు, లోపల ఏదో బయటికి రాకుండా పట్టుకున్నాడని అర్థమవుతుంది. నేను ఆ పేజీ దగ్గర ఆగిపోయాను. మా నాన్న సరిగ్గా అలాగే కూర్చుంటాడు. ఇంట్లో శుభకార్యం అయినా, చావు అయినా, చేతులు అలా కట్టేసుకుని గోడకి ఆనుకుని. చలి అనుకునేవాణ్ణి చిన్నప్పుడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

2009లో మా అమ్మ నాతో ఉండడానికి కొన్నాళ్ళు పెడన వచ్చింది. నా స్కెచ్ పుస్తకాలు ఆవిడ ఎప్పుడూ తెరవదు. ఆ రోజు కరెంటు పోయింది, విసురుకోవడానికి అట్ట కోసం చెయ్యి చాపితే పుస్తకం దొరికింది. ఊరికే పేజీలు తిప్పుతోంది. ఒక పేజీ దగ్గర ఆగింది. మగ్గాలుండే వీధిలో నేను రెండు రోజుల ముందు గీసిన పిల్ల. ఆరేడేళ్ళుంటాయి, చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని నిలబడి ఉంది. వెనకనుంచి గీశాను. నడుం ఒక పక్కకి పొడుచుకొచ్చి, పైనున్న ఒళ్ళంతా రెండో పక్కకి వాలిపోయి.

"దీన్ని ఎప్పుడు చూశావురా?" అంది.

మొన్న, మగ్గాల వీధిలో, అన్నాను.

"కాదురా. దీన్ని నువ్వెప్పుడు చూశావు?"

నాకు అర్థం కాలేదు. అమ్మ వేలు పెట్టి ఆ పిల్ల నడుం దగ్గర ఆపింది. "ఇది మన పెద్దదే," అంది.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత మా అమ్మ తప్పులు చెప్పడం మొదలుపెట్టింది. "కుడి చంక కాదు, ఎడం చంక. కుడి చేత్తో వాడి గిన్నె పట్టుకునేది. మడమ ఒకటి ఎప్పుడూ నేలకి ఆనేది కాదు." నేను గీస్తుంటే, "అలా కాదు, ఇంకా వంగేది" అంటోంది. చేత్తో గాలిలో చూపిస్తోంది. నాకు అందడం లేదు. చివరికి విసుగొచ్చి లేచింది. మంచం మీద తలగడ తీసింది. ఎడం చంకన పెట్టుకుంది. యాభై ఆరేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి, అయినా నడుం పక్కకి పెట్టి, కుడి మడమ ఎత్తి, ఏడేళ్ళ పిల్లలా నిలబడింది. "ఇదిగో ఇలా," అంది.

నేను గీశాను. పది నిమిషాలు నిలబడి ఉంటుంది. తలగడ జారిపోతుంటే, పిల్లాణ్ణి ఎగదోసుకున్నట్టు, ఒకసారి తుంటితో పైకి ఎగదోసింది. అది ఆవిడ కావాలని చేసింది కాదు. ముప్పై రెండేళ్ళు అయిపోయింది. మొహం మర్చిపోయింది మా అమ్మ. నాతో తనే చెప్పింది తర్వాత, "మొహం సరిగ్గా రావట్లేదురా కళ్ళముందుకి, నీ మొహం కలిసిపోతోంది" అని. నిలబడ్డం మాత్రం పోలేదు. ఆవిడ ఒంట్లోనే ఉండిపోయింది.

అప్పటినుంచి నా బొమ్మల్లో మనుషులు వంగడం మొదలైంది. రొయ్యల షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళని గీసినా, బస్టాండులో మూటతో నిలబడ్డ ముసలాయనని గీసినా, ఎక్కడో ఒకచోట కనపడని బిడ్డ ఒకటి చంకలో ఉన్నట్టే వస్తుంది. చూసినవాళ్ళు "త్రిభంగం" అంటారు. మా మాస్టారు కూడా అలాగే అన్నారు. అమరావతి శిల్పాల్లో, మన పక్కనే ఘంటసాలలో దొరికిన బౌద్ధ శిల్పాల్లో ఆడవాళ్ళ నిలబడ్డం చూడమన్నారు, కూచిపూడి వాళ్ళ భంగిమ చూడమన్నారు. కూచిపూడి ఊరు కూడా మా దారిలోదే కదా. నిజమే, వంపు అదే. కానీ నాకో అనుమానం ఉంది. ఇది పండితులు చెప్పిన మాట కాదు, నా సొంత అనుమానం. ఆ శిల్పులు కూడా చంకన పిల్లని ఎత్తుకున్న ఆడవాళ్ళని రోజూ చూసినవాళ్ళే. బిడ్డని తీసేసి వంపు మాత్రం ఉంచారేమో.

బొమ్మలు గీసే పిల్లలు చాలామంది ఇది చూస్తున్నారని చెప్పారు కాబట్టి కాస్త పని గురించి మాట్లాడతాను. ఒక మనిషి నిలబడి ఉంటే, ముందు వైపు నుంచి చూసేటప్పుడు గొంతు గుంట నుంచి కిందికి ఒక దారం వేలాడదీసినట్టు ఊహించుకోండి. బరువంతా ఒక కాలి మీద వేసిన మనిషికైతే ఆ దారం ఆ కాలి మడమ దగ్గరకి వస్తుంది. రాకపోతే మీ బొమ్మ పడిపోతున్నట్టు ఉంటుంది. ఇది ఎవరైనా చెప్తారు. కానీ చేతిలో బరువు ఉంటే లెక్క మారుతుంది. మనిషీ బరువూ కలిపి ఒకటే శరీరం అనుకోవాలి. పెద్దవాళ్ళు బిడ్డని ఎత్తుకుంటే వంపు పెద్దగా తెలియదు. ఏడేళ్ళ పిల్ల ఏడాదిన్నర పిల్లాణ్ణి ఎత్తుకుంటే తన బరువులో సగం బరువు అది. అందుకే ఒళ్ళంతా రెండో పక్కకి లాగేస్తుంది, ఖాళీ చెయ్యి దూరంగా చాపాల్సి వస్తుంది, మడమ లేస్తుంది. మా అమ్మకి ఈ లెక్కలేవీ తెలియవు. ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు.

రిఫరెన్స్ కోసం పింటరెస్ట్ చూడొద్దని నేను చెప్పను. నేనూ చూస్తాను. కానీ అక్కడ దొరికే మోడల్ చేతిలో ఏ బరువూ ఉండదు. ఉన్నా, ఫొటో తీసే రెండు నిమిషాలే. మీ అమ్మ గ్యాస్ బండ జరిపేటప్పుడు చూడండి. మీ నాన్న బండి స్టాండ్ వేసేటప్పుడు చూడండి. ఒకసారి కాదు, అదే పని పదిసార్లు గీయండి. పదోసారికి ఆ మనిషి వస్తాడు.

మన తెలుగు వాళ్ళలో తోట వైకుంఠం గారి బొమ్మలు మీలో చాలామంది చూసే ఉంటారు. పెద్ద బొట్టు, నల్లటి ఒళ్ళు, ఎర్రటి పసుప్పచ్చటి చీరలు. ఆయన కరీంనగర్ వైపు బూరుగుపల్లిలో పుట్టారు. బరోడా వెళ్ళి కె.జి. సుబ్రమణ్యన్ గారి దగ్గర చదువుకుని, చివరికి తిరిగొచ్చి గీసింది చిన్నప్పుడు చూసిన వాళ్ళ ఊరి ఆడవాళ్ళనే, అమ్మనే. ఆయన ఆడవాళ్ళు బరువుగా కూర్చుంటారు, స్థిరంగా ఉంటారు. నావాళ్ళు కదిలిపోతున్నట్టు ఉంటారు. ఎవరి ఊరు వాళ్ళది. అదే మా గుడివాడ నుంచి వెళ్ళిన ఎస్.వి. రామారావు గారు లండన్ స్లేడ్ స్కూల్లో చదివి అమెరికాలో స్థిరపడ్డారు. ఆయన బొమ్మల్లో మనిషే ఉండడు, అంతా రంగులే. ఊరు మోసుకెళ్ళిన ప్రతివాడూ మనుషుల్నే గీయాలనేం లేదు. నాకు మాత్రం మనిషి లేకపోతే చెయ్యి ఆడదు.

ఇప్పుడు కాస్త ఇబ్బందైన సంగతి. ఆ తలగడ బొమ్మ నుంచి నేను పెద్ద క్యాన్వాస్ ఒకటి చేశాను, ఐదడుగులది. వెనక్కి తిరిగి నిలబడ్డ పిల్ల, చంకలో పిల్లాడు, చేతిలో గిన్నె. వెనక ఖాళీ, మట్టి రంగు. హైదరాబాద్ నుంచి ఒకాయన చూసి కొంటానన్నారు. మంచి రేటే చెప్పారు. నేను అప్పటిదాకా ఒక ఏడాదిలో సంపాదించినంత. కాకపోతే రెండు మార్పులు అడిగారు. వెనక పెద్ద అల ఒకటి పెట్టాలి. టైటిల్లో '1977' అని ఉండాలి. "అప్పుడు చూసేవాళ్ళకి కథ తెలుస్తుంది" అన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు. ఆయన చెప్పిన దాంట్లో వ్యాపారం ప్రకారం తప్పు కూడా లేదు.

మా అమ్మని అడిగాను. అమ్మ పెద్దగా ఆలోచించలేదు. "నీళ్ళు పెట్టకు. వాళ్ళు నీళ్ళల్లో ఉన్నది ఒక్క రోజేరా. మిగతా ఏడేళ్ళూ అది వాకిట్లోనే కదా తిరిగింది" అంది. తర్వాత ఇంకో మాట అంది, "మిగతావి అమ్ముకో. దీన్ని అమ్మకు."

అమ్మలేదు. ఆ ఏడాది ఇల్లు గడవడానికి చాలా తంటాలు పడ్డాం, అది వేరే సంగతి.

ప్రతి నవంబర్లో ఉప్పెన బొమ్మలు చాలా కనపడతాయి. పెద్ద అల, అలలోంచి పైకి లేచిన చేతులు. నాకు వాటి మీద గౌరవం లేదు. గీసినవాళ్ళకి బాధ లేదని అనడం లేదు నేను. ఆ చేతులు ఎవరివీ కావు, అది నా అభ్యంతరం. ఏ ఊళ్ళో వరదకైనా అవే చేతులు సరిపోతాయి.

అలాగని విపత్తుని నేరుగా గీయకూడదు అని కాదు. జైనుల్ ఆబెదిన్ అని బంగ్లాదేశ్ పెయింటర్ ఉన్నారు. బ్రహ్మపుత్ర ఒడ్డున పెరిగిన మనిషి. 1943 బెంగాల్ కరువులో కలకత్తా వీధుల్లో ఆకలితో చనిపోతున్నవాళ్ళని చవక కాగితం మీద నల్ల ఇంకుతో గీశారు. 1970 నవంబర్లో భోలా తుఫాను వచ్చింది. మన ఉప్పెనకి అక్క లాంటిది అది, కొన్ని లక్షల మంది పోయారు. ఆయన సహాయం చేసేవాళ్ళతో కలిసి మన్‌పురా అనే దీవికి వెళ్ళి చూశారు. తర్వాత దాదాపు ముప్పై అడుగుల పొడవున ఒక చుట్ట బొమ్మ చేశారు, 'మన్‌పురా 70' అని. కుప్పలుగా పడి ఉన్న మనుషులు, పశువులు. నేను దాన్ని ఫోన్‌లోనే చూశాను, వేలితో జరుపుకుంటూ. ఎంత జరిపినా అయిపోలేదు. అక్కడ ఏ శరీరమూ ఊహించి పెట్టింది కాదనిపిస్తుంది. ఒక్కొక్కరు ఒక్కో రకంగా ఒరిగి ఉన్నారు. ఆయన 1976లో పోయారు, మన ఉప్పెనకి ఒక ఏడాది ముందు. ఆయన వెళ్ళి చూశారు, గీశారు. నేను చూడలేదు. నేను పుట్టేసరికి నీళ్ళు వెనక్కి వెళ్ళిపోయి మూడేళ్ళైంది. నాకు అందింది అమ్మ నడుం వంపు, నాన్న చేతులు కట్టుకోవడం. నా దగ్గర ఉన్నవి ఆ రెండే. ఆ రెండిటి మీద నాకు హక్కు ఉంది అనుకుంటాను, అల మీద లేదు.

బందరులో కూడా 1864లో ఇలాంటి ఉప్పెనే వచ్చి దాదాపు 30,000 మంది పోయారు. ఆ ఊళ్ళో పదేళ్ళకి పైగా పని చేసిన నాకే అది చాలా ఆలస్యంగా తెలిసింది. వాళ్ళెలా నిలబడేవారో చూపించడానికి తలగడ పట్టుకునేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందుకే ఇప్పుడు నేను చేస్తున్న పని కొంచెం మారింది. నెలకి రెండుసార్లు నాగాయలంక, కోడూరు వైపు ఊళ్ళకి వెళ్తున్నాను. ఉప్పెన చూసిన పెద్దవాళ్ళ దగ్గర కూర్చుంటాను. ఏం జరిగిందని అడగను. "మీ ఇంట్లో పోయినవాళ్ళు ఎలా కూర్చునేవారు?" అని అడుగుతాను. మొదట వింతగా చూస్తారు. తర్వాత ఎవరో ఒకరు లేచి చూపిస్తారు. ఒక తాతగారు వాళ్ళ నాన్న చుట్ట ఎలా వెలిగించేవాడో చూపించారు, గాలికి వీపు పెట్టి, రెండు చేతులూ గూడు కట్టి. ఒకావిడ వాళ్ళ అత్తగారు చేపల తట్ట దించేటప్పుడు మోకాలు ఎలా వంచేదో చూపిస్తూ నవ్వేసింది, వాళ్ళత్త బాగా తిట్టేదట ఆ టైంలో. ఇప్పటికి నలభై ఒక్క బొమ్మలయ్యాయి. పేర్లు రాయను, ఇంటివాళ్ళు అడిగితే ఒక కాపీ ఇచ్చేస్తాను. అడిగేవాళ్ళు ఉన్నారు, వద్దనేవాళ్ళూ ఉన్నారు. చూపించేవాళ్ళకి డెబ్బై, ఎనభై ఏళ్ళు. వానాకాలంలో దారులు బాగోవు, వెళ్ళడం కుదరదు. పోయిన వర్షాకాలం అయ్యాక వెళ్తే, చూపిస్తానన్న ఇద్దరు లేరు.

పెద్ద క్యాన్వాస్ ఇంకా మా ఇంట్లోనే ఉంది. మా అమ్మ మంచం ఎదురుగా గోడకి. ఆవిడ దాన్ని చూస్తూ కూర్చుంటుందనుకోకండి. మధ్యలో మేకు కొట్టి దాని మీద క్యాలెండర్ తగిలిద్దామంది ఒకసారి, గోడ మీద వేరే చోటు లేదని. అతికష్టం మీద ఆపాను.

చివరిగా, ఏ పెన్ను వాడతారు అని చాలామంది అడిగారట. మామూలు ఐదు రూపాయల నీలం బాల్ పెన్. చెరపడానికి ఉండదు, అందుకే అది. పుస్తకం కూడా స్కూల్ రూళ్ళ పుస్తకమే, రూళ్ళ మీదే గీస్తాను. పెద్ద పనికైతే చార్కోల్, దాని మీద అక్రిలిక్. పెడన నుంచి తెచ్చుకున్న కరక్కాయ రంగు గుడ్డ మీద కూడా ఈ మధ్య గీస్తున్నాను. అది వచ్చిందీ లేనిదీ ఇంకో ఆరు నెలలయ్యాక చూపిస్తాను. ఉంటానండి.